ఎవరి ఓడ, ఎన్నాళ్లు ఆగగలం: 2019లో హొర్ముజ్ జలసంధి దాటాల్సిన ఒక గ్యాస్ ఓడ కేసు

నేపథ్యం

2019 వేసవిలో మా చేతికొచ్చిన కేసు ఇది. ఓడ పేరు, జెండా, యజమాని దేశం, సరుకు ఎక్కించుకున్న రేవు రాయడం లేదు. గుర్తుపట్టే వీల్లేకుండా కొన్ని వివరాలు కావాలనే మార్చాను. అప్పట్లో నేను ఎక్కువగా భారతీయ సిబ్బందితో ఓడలు నడిపే ఒక నిర్వహణ సంస్థలో కంపెనీ భద్రతాధికారిని. ఓడ ఏ దారిన వెళ్లవచ్చు, ఎక్కడ ఆగకూడదు, ఏ స్థాయి జాగ్రత్తలతో కదలాలి అన్నది కాగితం మీద పెట్టడం ఆ ఉద్యోగం. చివరి మాట మాత్రం ఎప్పుడూ ఓడ మీద ఉన్న కెప్టెన్‌దే. నేనూ కొంతకాలం ట్యాంకర్లు నడిపినవాణ్నే కాబట్టి ఆ గీత ఎక్కడుందో నాకు తెలుసు.

ఓడ ఎల్‌పీజీది. గల్ఫ్ లోపలి రేవులో ప్రొపేన్, బ్యూటేన్ ఎక్కించుకుని విశాఖపట్నంలో దించాలి. చార్టరర్, అంటే ఓడను అద్దెకు తీసుకున్నది, భారతీయ కొనుగోలుదారే. జెండా విదేశీ, యజమాని విదేశీ, సిబ్బంది దాదాపు అందరూ మనవాళ్లు. గల్ఫ్‌కూ మన తీరానికీ మధ్య తిరిగే ఓడల్లో ఇలాంటి కలగలుపు సర్వసాధారణం.

మన దేశం వాడే ఎల్‌పీజీలో సగానికి పైగా దిగుమతే. అందులో సింహభాగం, పర్షియన్ గల్ఫ్‌కు సముద్రంలో ఉన్న ఒకే ద్వారమైన హొర్ముజ్ జలసంధి లోపలి నుంచే వస్తుంది. ముడిచమురుకైతే సౌదీ నుంచి ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న యాన్‌బూకు, అబూధాబీ నుంచి జలసంధి బయట ఉన్న ఫుజైరాకు పైపులైన్లు ఉన్నాయి. ఖతర్ ఎల్‌ఎన్‌జీకి, అంటే ద్రవంగా మార్చిన సహజవాయువుకు, అలాంటి దారే లేదు, మనకొచ్చే ఎల్‌పీజీకి దాదాపు లేనట్టే. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాక కట్టెల పొయ్యి వదిలిన ఇళ్లన్నీ ఈ నీటిదారికి ముడిపడ్డాయి. ఆ సంగతి ఆ ఇళ్లకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. తెలియాల్సింది మాలాంటి వాళ్లకు.

ముందున్న సమస్య

2019 మే 12న ఫుజైరా తీరంలో నాలుగు ఓడలపై పేలుడు దాడులు జరిగాయి. లండన్ బీమా మార్కెట్ కమిటీ వారం తిరగకముందే పర్షియన్ గల్ఫ్‌ను, ఒమన్, యూఏఈ జలాలను ప్రమాద ప్రాంతాల జాబితాలో చేర్చింది. జూన్ 13న ఒమన్ సింధుశాఖలో నిండు సరుకుతో బయటికొస్తున్న ఫ్రంట్ ఆల్టెయిర్, కొకుకా కరేజియస్ అనే రెండు ట్యాంకర్లు పేలుళ్లకు గురయ్యాయి. జూన్ 20న ఇరాన్ అమెరికా డ్రోన్‌ను కూల్చింది. భారత నౌకాదళం అంతకు ముందు రోజే ఆపరేషన్ సంకల్ప్ మొదలుపెట్టి ఐఎన్‌ఎస్ చెన్నై, ఐఎన్‌ఎస్ సునయనలను ఆ సముద్రానికి పంపింది.

మా ఓడ గల్ఫ్ లోపలికి వెళ్లాల్సిన తేదీలు సరిగ్గా ఈ రోజుల్లోనే పడ్డాయి. యజమాని ప్రతినిధి అడిగింది ఒక్క మాట: ‘క్షేమంగా వెళ్లి రావడానికి ఏం చేయాలి?’ ప్రశ్న అలా వేయడంలోనే చిక్కుంది. దానికి జవాబు వెతుకుతూ పోతే అదనపు కాపలా, ముళ్లకంచె, వేగం దగ్గర ఆగిపోతాం. ఈ ఓడే వెళ్లాలా, ఇప్పుడే వెళ్లాలా అన్నది ఎవరూ అడగరు.

నీళ్ల సంగతి కొంచెం చెప్పాలి. జలసంధి అతి ఇరుకైన చోట వెడల్పు సుమారు 21 నాటికల్ మైళ్లు. దక్షిణాన ఒమన్‌కు చెందిన ముసందం కొండలు, ఉత్తరాన ఇరాన్. రెండు దేశాలకూ చెరి 12 మైళ్ల ప్రాదేశిక జలాలు లెక్కగడితే అక్కడ ఎవరికీ చెందని నీరంటూ మిగలదు. ఓడల కోసం గీసిన రెండు వరుసలు ఒక్కోటి రెండు మైళ్ల వెడల్పు, మధ్యలో మరో రెండు మైళ్ల ఖాళీ. ముసందం మలుపు దగ్గర ఆ వరుసలు ఒమన్ వైపే ఉంటాయి. ఆ మలుపు దాటి పడమరకు వెళ్లాక టుంబ్, ఫరూర్ దీవుల దగ్గర ఇంకో వరుసల జంట వస్తుంది. సముద్రంలో కుడివైపు నడవాలన్నది నియమం. కాబట్టి లోపలికి వెళ్లే ఓడ ఉత్తరపు వరుసలో, అంటే ఇరాన్ వైపు వెళ్లాలి. బయటికి వచ్చేది దక్షిణంగా వస్తుంది. టుంబ్ దీవులు 1971 నుంచి ఇరాన్ చేతిలో ఉన్నాయి, అవి తనవని యూఏఈ అంటుంది.

అందరూ భయపడేది నిండు ఓడ గురించి. గ్యాస్ నిండి ఉంటుంది, పేలితే అంతే సంగతులు అని. పటం ముందు పెట్టుకుని చూస్తే ఇరాన్ తీరానికి దగ్గరగా నడిచేది ఖాళీగా లోపలికి వెళ్లే ప్రయాణం. యజమానికి ఇది ఒప్పించడానికి చాలాసేపు పట్టింది.

రెండు ప్రమాదాలు, రెండు విరుగుళ్లు

కేసు పుస్తకంలో మేం మొదట చేసిన పని ప్రమాదాన్ని రెండుగా విడదీయడం. ఒకటి, ఎవరో తెలియకుండా వచ్చి ఓడ పొట్టకు పేలుడు పదార్థం అంటించడం. రెండోది, ఒక దేశపు బలగాలు బహిరంగంగా వచ్చి ఓడను పట్టుకుని తమ రేవుకు తీసుకుపోవడం.

మొదటిదానికి విరుగుడు కదులుతూ ఉండటం, లంగరు వేయకపోవడం, వేగం తగ్గించకపోవడం, పక్కలమ్మట మనుషుల్ని నిలబెట్టి నీటిని చూస్తుండటం. రెండోదానికి ఇవేవీ పనికిరావు. హెలికాప్టర్ నుంచి తాడు పట్టుకుని దిగే సైనికులకు ముళ్లకంచె అడ్డం కాదు. సోమాలియా సముద్రపు దొంగల రోజుల్లో నేర్చుకున్న పాఠాలు ఇక్కడ తలకిందులవుతాయి కూడా. దొంగలొస్తే సిబ్బంది అంతా ఇంజిన్ గదిలాంటి బలమైన చోట తలుపులు బిగించుకుని నౌకాదళం కోసం ఎదురుచూడాలి. ఒక రాజ్యపు బలగాలు వచ్చినప్పుడు అలా దాక్కుంటే ప్రతిఘటనగా కనిపిస్తుంది. కాల్పులకు అదే కారణం కావచ్చు.

సాయుధ గార్డుల ప్రతిపాదనను తోసిపుచ్చింది కూడా ఇందుకే. ఏడెన్ సింధుశాఖలో దొంగలపై పనిచేసిన ప్రైవేటు గార్డులు ఒక దేశపు నౌకాదళంపై తుపాకి ఎత్తితే అది యుద్ధానికి దారి. గల్ఫ్ రేవుల్లో ఆయుధాలతో దిగడానికి అనుమతులూ సులువుగా దొరకవు. పైగా ఆ జలాలు చేపల పడవలతో కిటకిటలాడతాయి. 2012లో కేరళ తీరంలో ఒక ఇటలీ ట్యాంకర్ మీది సైనికులు మన జాలర్లిద్దరిని దొంగలనుకుని కాల్చి చంపిన సంగతి మరిచిపోయే వయసు కాదు నాది.

ప్రయత్నించినవి, ఫలించనివి

జూన్ చివరి ప్రయాణంలో యజమాని కోరిక మీద ఓడ రాత్రిపూట ఏఐఎస్ ఆపేసి లోపలికి వెళ్లింది. ఏఐఎస్ అంటే ఓడ తన పేరు, స్థానం, వేగం చుట్టుపక్కల అందరికీ ప్రకటించే పరికరం. భద్రతకు ముప్పుందనిపిస్తే కెప్టెన్ దాన్ని ఆపవచ్చు, నియమాలు ఒప్పుకుంటాయి. చీకట్లో, మౌనంగా వెళ్తే ఎవరూ గుర్తించరన్నది యజమాని ఆలోచన.

జరిగింది వేరు. ముసందం తీరంలోని ఖసబ్ నుంచి ఇరాన్ ఒడ్డుకు సరుకులు దొంగచాటుగా చేరవేసే చిన్న మోటారు పడవలు ఏళ్ల తరబడి ఆ జలసంధిని అడ్డంగా దాటుతున్నాయి. రాడార్ తెర మీద అవీ ఇరాన్ సైనిక దళమైన రివల్యూషనరీ గార్డ్స్ పడవలూ ఒకేలా ఉంటాయి: చిన్న చుక్క, ఎక్కువ వేగం, సూటిగా మనవైపు. ఆ రాత్రి బ్రిడ్జ్ మీద, అంటే ఓడను నడిపే గదిలో ఉన్న వాళ్లు ప్రతి చుక్కకూ ఉలిక్కిపడ్డారు. ఒక దోనె మరీ దగ్గరికొచ్చింది. అది మమ్మల్ని ఆలస్యంగా చూసింది, చీకట్లో ఉన్నది మేం కాబట్టి. ఇరాన్ తీర కేంద్రం, ఓడలన్నీ వినే వీహెచ్‌ఎఫ్ రేడియో చానెల్ 16లో ఎలాగూ పిలిచింది. తీరంలో రాడార్ ఉన్నవాళ్ల దగ్గర ఏఐఎస్ ఆపి దాక్కోవడం కుదరదు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఆ రోజుల్లో హొర్ముజ్ లోపల ఏఐఎస్ మాయమైన ఓడ అంటే ఆంక్షలు దాటి ఇరాన్ సరుకు ఎక్కించుకుంటున్న ఓడ అని అనుమానం. చార్టరర్ అంతర్గత తనిఖీ విభాగం, బీమా సంస్థ, బ్యాంకు వరుసగా ప్రశ్నలు పంపాయి. ఆ కొన్ని గంటలు ఓడ ఎక్కడుందో డెక్ లాగ్, ఇంజిన్ లాగ్, రాడార్ ఫోటోలతో రుజువు చేయాల్సి వచ్చింది. శత్రువు నుంచి దాక్కోవడానికి వేసిన ఎత్తు, మిత్రులకు మనల్ని అనుమానితులుగా చూపించింది.

రెండో ప్రయత్నం నౌకాదళ రక్షణ. ఆపరేషన్ సంకల్ప్ భారత జెండా ఓడలకు భరోసా ఇవ్వడానికి మొదలైంది. మాది విదేశీ జెండా. ఈ గీతను తప్పుపట్టలేం. సముద్ర చట్టం ప్రకారం ఓడ దాని జెండా దేశానికి చెందుతుంది. ఆ దేశం అడగకుండా ఇంకో దేశపు యుద్ధనౌక అడ్డుపడితే అది కొత్త తగాదా. అయితే మన విదేశీ వాణిజ్యపు సరుకులో భారత జెండా ఓడలు మోసేది పదో వంతు కన్నా తక్కువ. రక్షణ ఆ జెండా దగ్గరే ఆగితే మన సరుకులో అధిక భాగం, మన నావికుల్లో అధిక భాగం దాని బయటే ఉంటారు. మాకు దొరికింది సమాచార మార్పిడి. వాణిజ్య ఓడల కోసం బ్రిటన్ నడిపే సమాచార కేంద్రం యూకేఎంటీఓకూ, 2018 డిసెంబర్‌లో గురుగ్రామ్‌లో మొదలైన హిందూ మహాసముద్ర సమాచార కేంద్రానికీ మా స్థానం క్రమం తప్పకుండా పంపాం. ఇది రక్షణ కాదు. ఏదైనా జరిగితే ఎవరో ఒకరికి వెంటనే తెలుస్తుంది, అంతే. దాని విలువ దానికుంది.

మూడో ప్రయత్నం ఇతర ఓడలతో కలిసి గుంపుగా వెళ్లడం. గుంపు కూడేదాకా ఆగాల్సింది ఫుజైరా లంగరు ప్రాంతంలో. మే నెలలో నాలుగు ఓడలు దెబ్బతిన్న చోటు అదే. అక్కడికి పోతే రెండో ప్రమాదం తగ్గించబోయి మొదటి ప్రమాదంలో కాలు పెట్టినట్టవుతుంది. కాగితం మీదే కొట్టేశాం.

జులై 4

ఆ రోజు జిబ్రాల్టర్ దగ్గర బ్రిటిష్ మెరైన్లు ఇరాన్ చమురుతో వెళ్తున్న గ్రేస్ 1 అనే సూపర్ ట్యాంకర్‌ను పట్టుకున్నారు. అందులో 24 మంది భారతీయ నావికులు ఉన్నారు. ప్రతీకారం తప్పదని టెహ్రాన్ నుంచి ప్రకటనలు వచ్చాయి. ఇంకో సముద్రంలో, ఇంకో జలసంధిలో జరిగిన పని మా ఓడ లెక్కలన్నీ మార్చేసింది.

అంతవరకు మా ప్రమాద అంచనా పట్టిక భూగోళం ప్రకారం ఉండేది: ఏ అక్షాంశం, ఏ రేఖాంశం, పగలా, రాత్రా. జులై 4 తర్వాత మొదటి గడి మార్చాం. ఈ ఓడకు ఎవరెవరితో సంబంధం ఉంది? నమోదైన యజమాని, అసలు పెట్టుబడిదారు, జెండా, నిర్వహణ సంస్థ, చార్టరర్, సరుకు సొంతదారు, సరుకు గమ్యం, బీమా, గత ఏడాది మోసిన సరుకులు, సిబ్బంది జాతీయత. ఒక్కొక్క వరుసకూ ఎదురుగా ఒకే ప్రశ్న: ఇరాన్‌కూ, అమెరికా, బ్రిటన్‌లకూ మధ్య ఇప్పుడు నడుస్తున్న తగాదాలో ఇది ఏ పక్షంగా కనిపిస్తుంది? నిజంగా ఏ పక్షమన్నది కాదు, పట్టుకోవాలనుకునేవాడి కంటికి ఏ పక్షంగా కనిపిస్తుందన్నది.

మా ఓడ జెండా ఎవరికీ పట్టని దేశానిది. నమోదైన యజమాని ఒక కాగితపు కంపెనీ. దాని వెనకున్న వ్యాపార గుంపు మాత్రం తగాదాలో ఒక పక్షంగా మారిన దేశంలోనిది. ఇదేమీ రహస్యం కాదు, డబ్బు కట్టి చూసే ఏ నౌకా డేటాబేస్‌లోనైనా దొరుకుతుంది. ఆ గుంపు చిహ్నం పొగగొట్టం మీద మైళ్ల దూరానికి కనిపించేలా రంగులో వేసి ఉంది. రంగు మార్చేద్దామని ఎవరో అన్నారు. ప్రతీకారానికి ఓడ వెతుక్కునేవాళ్లు పొగగొట్టం చూసి ఎంచుకోరు, కంప్యూటర్ ముందు కూర్చుని ఎంచుకుంటారు. రంగు వేయించలేదు.

అసలు ప్రశ్న ఇక్కడ బయటపడింది: ఈ ఓడను ఎలా కాపాడాలన్నది కాదు, ఈ నెలలో ఈ సరుకు కోసం వెళ్లాల్సింది ఈ ఓడేనా?

ఎన్నాళ్లు ఆగగలం

మా నిర్వహణలోనే మరో గ్యాస్ ఓడ ఉంది. దాని యజమాని, పెట్టుబడి, జెండా ఏవీ ఆ తగాదాలో లేవు. ఓడలు మార్చేద్దామన్నాను. చార్టర్ ఒప్పందంలోని యుద్ధ ప్రమాద నిబంధన ప్రకారం ప్రమాదం ఉందని సహేతుకంగా భావిస్తే మొదటి ఓడ వెళ్లనని చెప్పే హక్కు యజమానికి ఉంది. ఆ హక్కు వాడితే వ్యవహారం లాయర్ల దగ్గరికి పోతుంది, సరుకు మాత్రం రేవులోనే ఉండిపోతుంది. అందుకే నోటీసు ఇవ్వకుండా చార్టరర్‌తో కూర్చున్నాం.

అడ్డంకి ఒకటుంది. రెండో ఓడ అప్పుడే డ్రై డాక్ నుంచి, అంటే ఓడను నీటి బయట పెట్టి మరమ్మతు చేసే చోటు నుంచి, బయటికొచ్చింది. ట్యాంకులు వెచ్చగా, లోపల మంట అంటుకోనివ్వని జడ వాయువుతో ఉన్నాయి. ప్రొపేన్ మరిగేది సున్నాకు 42 డిగ్రీల దిగువన. వెచ్చటి ట్యాంకులో నేరుగా పోస్తే అది ఆవిరై పీడనం పెరిగిపోతుంది, ట్యాంకు లోహం కూడా దెబ్బతింటుంది. ముందు జడ వాయువును గ్యాస్ ఆవిరితో బయటికి తోసి, తర్వాత కొంచెం కొంచెం ద్రవం చల్లుతూ ట్యాంకును దిగువ ఉష్ణోగ్రతకు తేవాలి. తొందరపెడితే పగుళ్లు. దానికి రోజులు పడతాయి. చార్టరర్ మొదటి మాట: ‘అంత ఆలస్యం కుదరదు.’

అప్పుడు నేను అడిగింది ఓడల వ్యాపారంలో మామూలుగా ఎవరూ అడగని ప్రశ్న. ఈ సరుకు ఎన్ని రోజులు ఆలస్యమైతే బాట్లింగ్ ప్లాంట్ల నుంచి సిలిండర్లు తగ్గుతాయి? చార్టరింగ్ విభాగం దగ్గర ఆ సంఖ్య లేదు. వాళ్ల దగ్గర ఉన్నది ఆలస్యానికి కట్టాల్సిన పరిహారం లెక్క. సంఖ్య ఉన్నది ఒడ్డున, నిల్వ కేంద్రం నడిపేవాళ్ల దగ్గర.

విశాఖలో డాల్ఫిన్స్ నోస్ దగ్గర కొండరాతిని తొలిచి కట్టిన భూగర్భ గుహలో 60,000 టన్నుల ఎల్‌పీజీ పడుతుంది, 2007 నుంచి నడుస్తోంది. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ పెద్ద గ్యాస్ ఓడ ఒక్కటే 40 వేల టన్నులకు పైగా తెస్తుంది. అది పూర్తిగా దింపాలంటే గుహలో మూడింట రెండు వంతులు ఖాళీగా ఉండాలి. నిండుగా ఉంచితే కొత్త ఓడకు చోటుండదు, ఖాళీగా ఉంచితే అది ఆపద్కాలపు నిల్వ కాదు. ఓడ నుంచి లారీకి, రైలుకు, పైపుకు సరుకు మారే మధ్యమజిలీగానే అది నడుస్తుంది. ముడిచమురు విషయంలో మనం వేరే పని చేశాం. విశాఖలో 13.3 లక్షల టన్నులు, మంగళూరులో 15 లక్షలు, పాదూరులో 25 లక్షలు వ్యూహాత్మక నిల్వ కోసమే కట్టాం. నిండుగా ఉంటే దేశానికి తొమ్మిదిన్నర రోజుల అవసరం అని ప్రభుత్వ లెక్క. వంటగ్యాస్‌కు అలాంటిది అప్పటికి లేదు.

జవాబు వచ్చింది. ముందు వారమే మరో ఓడ దింపి వెళ్లింది కాబట్టి రెండో ఓడ ట్యాంకులు చల్లబరుచుకోవడానికి కావలసినంత వెసులుబాటు ఉంది, దానిపైన మరి కొన్ని రోజులు మాత్రమే. ఆ కొన్ని రోజులే మాకు నిర్ణయం తీసుకునే స్వేచ్ఛ ఇచ్చాయి. గుహ ఆ వారం అడుగంటి ఉంటే ప్రమాదం తెలిసి తెలిసి మొదటి ఓడనే పంపాల్సి వచ్చేది. చార్టరర్ ఒప్పుకున్నాడు. మొదటి ఓడను జలసంధి బయట దొరికే మరో సరుకుకు మళ్లించారు.

సిబ్బంది

రెండో ఓడ సిబ్బందిని అడగకుండా పంపడం నాకిష్టం లేదు. వీడియో కాల్‌లో మెస్ గదిలో అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాం. పటం చూపించాను, ఖాళీ ప్రయాణమే ఎందుకు ఎక్కువ ప్రమాదమో చెప్పాను. వద్దనుకున్నవాళ్లు చివరి రేవులో దిగిపోవచ్చు, దాని వల్ల తర్వాతి ఉద్యోగానికి ఇబ్బంది రాదని రాసిచ్చాం. ఇద్దరు దిగిపోయారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

శ్రీకాకుళం జిల్లాకు చెందిన బోసన్ (డెక్ మీది నావికులకు పెద్ద) అడిగిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర వెంటనే జవాబు లేదు. ‘సార్, ఓడను వాళ్లు పట్టుకుపోతే మా జీతం నడుస్తుందా, ఆగుతుందా?’ సముద్ర దొంగల చేతికి చిక్కిన నావికుల జీతాల గురించి అంతర్జాతీయ కార్మిక ఒప్పందంలో సవరణ అప్పటికే ఆమోదం పొందింది, అమల్లోకి వచ్చింది 2020 డిసెంబర్‌లో. అదైనా దొంగతనానికే గాని ఒక దేశం పట్టుకుంటే అని అందులో లేదు. యజమాని బీమా వైపు చూస్తే ఓడ నిర్బంధానికి నష్టపరిహారం మామూలుగా 12 నెలలు గడిచాక గాని రాదు. ఇనుముకు ఇంత వివరంగా లెక్క రాసిన చోట మనిషి జీతం గురించి ఒక్క వాక్యం లేదు. ఎంతకాలం నిర్బంధంలో ఉన్నా జీతం ఇంటి ఖాతాకు వెళ్తుందని యజమాని సంతకంతో కాగితం వచ్చాకే ఓడ కదిలింది. నా దృష్టిలో ఆ ప్రయాణానికి చేసిన భద్రతా ఏర్పాట్లలో అన్నిటికన్నా ఉపయోగపడింది అదే. భయంతో ఉన్న మనిషి రాడార్ సరిగ్గా చూడలేడు.

దాటింది ఇలా

జులై 19న రివల్యూషనరీ గార్డ్స్ జలసంధిలో స్టెనా ఇంపీరో అనే బ్రిటిష్ జెండా ట్యాంకర్‌ను పట్టుకుని బందర్ అబ్బాస్‌కు తీసుకుపోయారు. ఖాళీగా లోపలికి వెళ్తున్న ఓడ. యజమాని స్వీడన్ కంపెనీ. 23 మంది సిబ్బందిలో 18 మంది భారతీయులు. ఆ ప్రాంతంలో ఉన్న బ్రిటిష్ యుద్ధనౌక సమయానికి చేరలేకపోయింది. మా మొదటి ఓడ ఆ రోజుల్లో లోపలికి వెళ్లి ఉంటే దానికీ ఇదే జరిగేదని నేను అనను. ఎవరూ చెప్పలేరు. పట్టికలో దాని వరుసలు స్టెనా ఇంపీరో వరుసలకు దగ్గరగా ఉన్నాయి, అంతవరకే తెలుసు.

రెండో ఓడ ఆ తర్వాత లోపలికి వెళ్లింది. ఫుజైరాలో లంగరు వేయలేదు. బయట లోతు నీటిలో నిదానంగా తిరుగుతూ, లోపలి రేవులో బెర్త్, అంటే ఓడ నిలిపే చోటు, ఖాయమయ్యాకే కదిలింది. ప్రయాణం పగటిపూట, ఏఐఎస్ వెలిగించి, యంత్రాలు పూర్తి సన్నద్ధతలో. వీహెచ్‌ఎఫ్ సెట్ పక్కన ప్లాస్టిక్ కవరులో ఒక చిన్న కాగితం అంటించాం. అందులో ఉన్నవి ఓడ పేరు, జెండా, వెనకటి రేవు, ముందటి రేవు, సరుకు లేదు అన్న మాట, అంతర్జాతీయ చట్టం ప్రకారం జలసంధి దాటుతున్నామన్న ఒక వాక్యం. అంతకు మించి ఏమడిగినా ‘కంపెనీని సంప్రదించండి’ అనాలి. వాదించకూడదు, దారి మళ్లమంటే మర్యాదగా కాదనాలి, నిజంగానే సైనికులు దిగితే అడ్డుపడకూడదు.

చట్టం గురించిన ఆ వాక్యం మీద కెప్టెన్ నవ్వాడు. సముద్ర చట్ట ఒప్పందంపై ఇరాన్ 1982లో సంతకం చేసింది గాని ధ్రువీకరించలేదు. జలసంధి దాటే హక్కు ఒప్పందంలో చేరిన దేశాలకే వర్తిస్తుందని దాని వాదన. మరి ఆ వాక్యంతో వాళ్లు ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. అది వాళ్ల కోసం కాదు. చానెల్ 16 అందరూ వింటారు, ఓడలోని ప్రయాణ రికార్డరూ వింటుంది. రేపు వ్యవహారం విదేశాంగ శాఖల మధ్యకు పోతే ఓడ ఏం చెప్పిందన్నది అక్కడ సాక్ష్యం.

టుంబ్ దీవుల ఉత్తరాన పిలుపు వచ్చింది. కాగితం మీదున్న వరుసలోనే అడిగారు, కెప్టెన్ చదివాడు. సరుకు ఎక్కడికని ఒక్కటి ఎక్కువ అడిగారు. ‘విశాఖపట్నం’ అన్నాడు. రెండోసారి పలికించుకుని, శుభ ప్రయాణం చెప్పి ఊరుకున్నారు. బయటికొచ్చేటప్పుడు పిలవనేలేదు. ఏఐఎస్‌లోని గమ్యం గడిలో విశాఖ రేవు సంకేతం కనిపిస్తూనే ఉంది. ఆ గడి వల్లే వదిలేశారనుకోవడం అమాయకత్వం. 2024లో ఎర్రసముద్రంలో ఓడలు తమ సిబ్బంది జాతీయతనే ఆ గడిలో రాసుకున్నాయి. నా లెక్కలో ఆ గడి పనికొచ్చేది మిగతా వివరాలు దానితో పొసిగినప్పుడే.

ఈ కేసు దేశ వ్యూహం గురించి చెప్పేది

ఒక ఓడ కేసు నుంచి దేశ వ్యూహం మీద మాట్లాడటం అతి కావచ్చు. అయినా రెండు మూడు విషయాలు కళ్లకు కట్టాయి.

యుద్ధనౌకలు పంపడం కనిపించే పని, కాబట్టి చర్చంతా దాని చుట్టూ తిరుగుతుంది. కాపలాకు నేను వ్యతిరేకిని కాను. ఆపరేషన్ సంకల్ప్ వల్ల భారత జెండా ఓడల్లో ధైర్యం పెరగడం చూశాను. కానీ మా కేసులో జలసంధి దగ్గర ఓర్పుతో ఉండగలగడానికి కారణం విశాఖ కొండ కింద ఆ వారం మిగిలి ఉన్న గ్యాస్. నిల్వ ఉన్నవాడికే ‘ఈ ఓడ వద్దు, ఇంకోటి వస్తుంది’ అనే అవకాశం ఉంటుంది. ఒడ్డున ట్యాంకు కట్టడాన్ని చమురు శాఖ పనిగా, జలసంధి కాపలాను రక్షణ శాఖ పనిగా విడివిడిగా చూసినంతకాలం రెండూ అరకొరగానే ఉంటాయి. వంటగ్యాస్‌కు, దిగుమతి మార్గానికి సంబంధం లేని నిల్వ వేరుగా కావాలి.

రెండోది తగాదాలో ఎవరి పక్షమూ కాకపోవడం. అమెరికా ఆంక్షల మినహాయింపు ముగియడంతో 2019 మేలో భారత్ ఇరాన్ చమురు కొనడం ఆపేసింది. అయినా జలసంధి బయట, ఇరాన్ ఒడ్డునే ఉన్న చాబహార్‌లో షహీద్ బెహెష్తీ టెర్మినల్‌ను 2018 చివర్లో మన సంస్థ నడపడం మొదలుపెట్టింది. అటు ఒమన్‌లోని దుక్మ్ రేవును వాడుకునేందుకు అదే ఏడాది ఒప్పందం కుదిరింది. రెండూ జలసంధి బయటే. రెండు ఒడ్లతోనూ మాటలు నడిచే దేశపు సరుకు అన్న గుర్తింపు ఏ కాన్వాయ్ కన్నా చవక. అయితే అది సరుకుకే గాని ఓడకు రాదు. ఓడ యజమాని ఇంకొకరి తగాదాలో ఉంటే మన గుర్తింపు దాన్ని కాపాడదు.

మూడోది మనుషులు. 2019 జులైలో ఒక పక్షం పట్టుకున్న గ్రేస్ 1లోనూ మనవాళ్లే, మరో పక్షం పట్టుకున్న స్టెనా ఇంపీరోలోనూ మనవాళ్లే. గ్రేస్ 1 నావికులు ఆగస్టులో విడుదలయ్యారు, స్టెనా ఇంపీరో సెప్టెంబర్ 27న కదిలింది. 2023 ఏప్రిల్‌లో అడ్వాంటేజ్ స్వీట్‌ను పట్టుకున్నప్పుడు ఇరవై మందికి పైగా, 2024 ఏప్రిల్‌లో ఎంఎస్‌సీ ఏరీస్‌ను పట్టుకున్నప్పుడు 17 మంది. జెండాలు వేరు, తగాదాలు వేరు, లోపలున్నది మాత్రం మనవాళ్లు. ఈ లోపు మన నౌకాదళం జెండా గీతను కొంత దాటింది. 2024 జనవరి 26న ఏడెన్ సింధుశాఖలో క్షిపణి తగిలి మండుతున్న మార్లిన్ లువాండాకు ఐఎన్‌ఎస్ విశాఖపట్నం వెళ్లి, తన అగ్నిమాపక బృందాన్ని ఎక్కించి మంటలార్పింది. అది మార్షల్ దీవుల జెండా ఓడ, సిబ్బందిలో 22 మంది భారతీయులు. ఆపదలో ఉన్న ఓడకు సాయం చేయడానికి చట్టం అడ్డు రాదు. ఒక రాజ్యం పట్టుకుపోతున్న ఓడకు అడ్డుపడటం వేరే సంగతి, అక్కడ యుద్ధనౌక కన్నా రాయబారి ఎక్కువ పనికొస్తాడు. సిబ్బందిని ఎక్కించే ప్రతి విదేశీ యజమానీ నిర్బంధ కాలపు జీతం గురించి ముందే రాసివ్వాలన్న షరతు పెట్టడానికి నౌక కూడా అక్కర్లేదు.

ఎర్రసముద్రానికి దక్షిణ ద్వారమైన బాబ్ ఎల్ మాందెబ్ జలసంధి విషయంలో ఇదే పట్టికను వాడబోయినప్పుడు ఒక తేడా తగిలింది. అక్కడ చుట్టుదారి ఉంది. గుడ్ హోప్ అగ్రం చుట్టూ తిరిగితే ఇంధనం, రోజులు ఖర్చవుతాయి, ఓడ మాత్రం చేరుతుంది. కాబట్టి అక్కడ లెక్క డబ్బుది. హొర్ముజ్ లోపలి రేవులకు సముద్రంలో వేరే దారి లేదు. అక్కడ లెక్క రోజులది. రెంటినీ ‘కీలక జలసంధులు’ అని ఒకే పత్రంలో ఒకే విధానంతో రాసేవాళ్లను చూస్తే నాకు అసహనం వస్తుంది.

పట్టిక తీర్చలేనిది ఒకటి మిగిలింది. లోపలికి వెళ్లే వరుస ఉత్తరాన ఉంది, ఉంటుంది. దక్షిణంగా జరిగి వెళ్తే ఎదురొచ్చే నిండు ఓడలకు అడ్డం. యజమాని మారినప్పుడల్లా పట్టిక మళ్లీ నింపాలి కూడా. రెండో ఓడను తర్వాతి ఏడాది అమ్మేశారు. కొత్త యజమాని వివరాలతో మొదటి గడి నింపగానే, అదే ఓడను గల్ఫ్ జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది.